ఒక థీమ్ పార్క్ టికెట్ మిగిలిపోయింది, రీఫండ్ లేదంటున్నారు. ఏం చేయొచ్చు?

ప్రశ్న:
నలుగురికి థీమ్ పార్క్ టికెట్లు ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. ఒకరు రావడం లేదని ఇప్పుడు తేలింది, మిగతా ముగ్గురం వెళ్తున్నాం. టికెట్ మీద నాన్ రీఫండబుల్ అని స్పష్టంగా రాసి ఉంది. వెళ్లే తేదీకి ఇంకా వారం పైనే ఉంది. ఆ డబ్బు వదులుకోవాల్సిందేనా? ఎవరికైనా ఇచ్చేయొచ్చా, అమ్ముకోవచ్చా?

జవాబు:
తేదీ దాటలేదు, గేటు దగ్గర స్కాన్ కాలేదు. ఈ రెండూ మీ చేతిలో ఉన్నంతవరకు వదులుకోవాల్సిన పని లేదండి. నాన్ రీఫండబుల్ అంటే కట్టిన సొమ్ము వెనక్కి ఇవ్వరు, అంతవరకే. తేదీ మార్పు, ఇంకొకరికి బదిలీ, ఆ విలువను వేరే టికెట్‌లో సర్దుకోవడం, ఈ మూడింటికీ వేర్వేరు నిబంధనలు ఉంటాయి. రీఫండ్ లేదన్న లైను చూసి మిగతాది చదవకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ఉదాహరణకు టోక్యో డిస్నీ రిసార్ట్ ఆన్‌లైన్ టికెట్‌కు డబ్బు వాపసు ఇవ్వదు, తేదీ మార్చుకోనిస్తుంది. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో అసలు వాడని టికెట్ గడువు దాటినా, దానికి కట్టిన మొత్తాన్ని అంతే ధర లేదా అంతకంటే ఎక్కువ ధర ఉన్న కొత్త టికెట్‌లో సర్దుకోవచ్చు.

సరైన సలహా ఇవ్వాలంటే ఇవి తెలియాలి. టికెట్ పార్క్ సొంత సైట్‌లో కొన్నారా, వేరే బుకింగ్ సైట్‌లోనా? ఒక్క తేదీకే చెల్లుతుందా, ఫలానా తేదీలోపు ఎప్పుడైనా వెళ్లొచ్చా? టికెట్ మీద మనిషి పేరుందా? నలుగురికీ కలిపి ఒకే క్యూఆర్ కోడా, విడివిడిగా నాలుగా?

అడిగినవారు:
వేరే బుకింగ్ సైట్‌లో కొన్నాం. ఒక్క తేదీకే. ఆర్డర్ మీద కొన్న నా పేరే ఉంది, టికెట్ల మీద ఎవరి పేరూ లేదు. ఒకే పీడీఎఫ్‌లో నాలుగు క్యూఆర్ కోడ్లున్నాయి. రావడం లేనిది పెద్దల టికెట్.

జవాబు:
నాలుగు వేర్వేరు కోడ్లు ఉండడం మీకు కలిసొచ్చే విషయం. నలుగురికీ ఒకే కోడ్ అయితే చాలాచోట్ల అందరూ ఒకేసారి లోపలికి వెళ్లాలి, ఒక టికెట్‌ను విడదీయడానికి అమ్మినవాళ్లు మళ్లీ జారీ చేయాలి.

బుకింగ్ సైట్‌లో కొన్నారు కాబట్టి పార్క్ కౌంటర్‌కు ఫోన్ చేస్తే టైము వృథా. మీరెంత కట్టారో పార్క్ సిస్టమ్‌లో కనిపించదు, వాళ్లకు కనిపించేది ఆ సైట్‌తో ఉన్న లెక్కే. అందుకే 'మీరు కొన్నచోటే అడగండి' అంటారు. మార్పు చేయగలిగేది అమ్మిన సైటే.

సైట్‌లోని మీ ఆర్డర్ పేజీ తెరిచి తేదీ మార్పు గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. సందర్శనకు ఒకటి రెండు రోజుల ముందే మూసేసేవి చాలా ఉన్నాయి. ఆ గడువు పార్క్ ఉన్నచోటి టైము ప్రకారం లెక్కవేస్తారు. మీరు వేరే టైమ్ జోన్‌లో ఉంటే మీకు సాయంత్రం అయ్యేసరికే అక్కడ అర్ధరాత్రి దాటిపోవచ్చు, చివరి రోజుదాకా ఆగకండి.

కస్టమర్ కేర్‌కు రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే రీఫండ్ అడగకండి. ఆ మాట చూడగానే 'కుదరదు' అన్న రెడీమేడ్ జవాబు పంపి ఫిర్యాదు మూసేస్తారు. ఇలా రాయండి:

'ఆర్డర్ నంబర్ ఫలానా. అందులో నాలుగు పెద్దల టికెట్లున్నాయి. మూడింటిలో ఏ మార్పూ వద్దు. నాలుగో టికెట్, కోడ్ చివరి నాలుగు అంకెలు ఫలానా, ఇంతవరకు స్కాన్ కాలేదు. దీన్ని ఫలానా తేదీకి మార్చగలరా? ధరలో తేడా ఉంటే కడతాను. తేదీ మార్పు వీలుకాకపోతే అంత విలువకు క్రెడిట్ ఇవ్వగలరా? రెండూ కాకపోతే ఇదే టికెట్‌ను వేరే వ్యక్తి వాడవచ్చా అన్నది రాతపూర్వకంగా తెలపండి.'

ఆ చివరి వాక్యం తప్పకుండా ఉంచండి. బదిలీ చేయవచ్చని వాళ్లు రాసిచ్చిన జవాబు గేటు దగ్గర పనికొస్తుంది, చేయకూడదంటే అమ్మే ప్రయత్నం ముందే మానుకోవచ్చు.

మరో జవాబు:
పై జవాబుకు ఒకటి కలుపుతాను. మిగతా ముగ్గురిలో ఎవరైనా రెండో రోజు కూడా పార్క్‌కు వెళ్లే ఆలోచనలో ఉన్నారా? ఉంటే మిగిలిన టికెట్‌ను మరుసటి రోజుకు మార్పించి వాళ్లే వాడుకోవచ్చు. ఎవరికీ అమ్మక్కర్లేదు, టికెట్ల మీద పేర్లు లేవు కాబట్టి బదిలీ గొడవా ఉండదు. అన్నింటికంటే తక్కువ తలనొప్పి ఉన్న దారి ఇదే, అయినా ఎందుకో అందరికీ చివర్లో తడుతుంది. తేదీ లేని ఓపెన్ టికెట్ అయితే మార్పు కూడా అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. చాలా పార్కులు రోజును బట్టి ధర మారుస్తాయి. వారాంతానికో సెలవు రోజుకో మార్చుకుంటే తేడా కట్టాలి. చౌక రోజుకు మార్చుకుంటే మాత్రం ఆ తేడా మీకు తిరిగి రావడం అరుదు.

ఇంకొకరు:
అమ్మడం సంగతి కూడా చెప్పండి. గ్రూపుల్లో 'టికెట్ అమ్మకానికి ఉంది' అని ఫొటోతో సహా పెట్టేవాళ్లు కనిపిస్తుంటారు కదా.

జవాబు:
ఆ ఫొటో పెట్టడమే పెద్ద ప్రమాదం. కోడ్ కనిపిస్తే టికెట్ పోయినట్టే. స్క్రీన్‌షాట్ తీసుకున్న ఎవరైనా ముందు గేటు దాటితే రెండోసారి వచ్చినవాళ్లకు 'ఇప్పటికే వాడారు' అనే వస్తుంది. గేటు మెషీన్‌కు అసలు కొన్నది ఎవరో తెలియదు, మొదట స్కాన్ అయిన కోడే చెల్లుతుంది.

కోడ్ దాచి ఆర్డర్ నంబర్ వదిలేసినా ముప్పే. కొన్ని సైట్లలో ఆర్డర్ నంబర్, ఇంటిపేరు లేదా ఈమెయిల్ ఉంటే చాలు, బుకింగ్ తెరుచుకుంటుంది. ఫోన్‌లో పెన్ను టూల్‌తో గీసి దాచకండి. కొన్ని ఫోన్లలో ఆ గీత కొంచెం పారదర్శకంగా ఉంటుంది, బ్రైట్‌నెస్ పెంచితే కింద ఉన్నది కనబడుతుంది. అసలు ఫొటో ఎందుకు? తేదీ, పార్క్ పేరు, పెద్దలదా పిల్లలదా, కొన్న ధర, ఇవి మాటల్లో రాస్తే సరిపోతుంది.

అంతకంటే ముందు నిబంధనలు చూడండి. తిరిగి అమ్మకాన్ని నిషేధించే పార్కులు చాలా ఉన్నాయి, తెలిస్తే ఆ టికెట్‌ను రద్దు చేస్తాయి. అలాంటిచోట తెలిసినవారికి ఊరికే ఇవ్వడానికి వీలుంటుందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని విడిగా అడగాలి. పార్క్ యాప్‌లోనే బదిలీ బటన్ ఉంటే అదే వాడండి. దానివల్ల పాత కోడ్ చచ్చిపోయి, తీసుకున్నవాళ్ల పేర కొత్త కోడ్ పుడుతుంది. ఇద్దరికీ భరోసా అదే.

అమ్మడానికి అనుమతి ఉందనుకుందాం. తెలిసినవాళ్ల ద్వారానే అమ్మండి, కొన్న ధరకు మించి అడగకండి. డబ్బు మీ ఖాతాలో పడిందని మీ బ్యాంక్ యాప్‌లో చూసుకోండి, అవతలివాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ నమ్మకండి. 'ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి పంపండి' అన్నారంటే అక్కడితో ఆపేయండి. డబ్బు అందుకోవడానికి పిన్ గానీ ఓటీపీ గానీ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టమంటున్నారంటే మీ దగ్గర్నుంచి తీసుకుంటున్నారని అర్థం.

కొనేవాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించాలి. మీరు అదే కోడ్ ఇంకో నలుగురికి అమ్మలేదని వాళ్లకు నమ్మకం ఎలా? మీరు ముగ్గురూ అదే రోజు వెళ్తున్నారు కాబట్టి తేదీ మార్చకపోతే నాలుగో మనిషిని మీతో కలిసి గేటు దాటించవచ్చు. స్కాన్ అయ్యాక డబ్బు తీసుకుంటామని ముందే మాట్లాడుకుంటే వాళ్లకు భయం ఉండదు. గేటు బయట నిలబడి అపరిచితులకు అమ్మడం మాత్రం వద్దు, అనుమతి ఉన్నచోట కూడా భద్రతా సిబ్బంది ఆపుతారు.

మరొకరి సందేహం:
మూడు రోజుల టికెట్‌లో ఒక రోజు వాడేసి, మిగతా రెండు రోజులు ఇంకొకరికి ఇవ్వొచ్చా?

జవాబు:
వద్దండి. ఈ ఒక్కదానికీ సందేహం లేకుండా వద్దనే చెబుతాను. వాడని టికెట్‌కూ సగం వాడిన టికెట్‌కూ చాలా తేడా ఉంది. బహుళ దినాల టికెట్ మొదటిసారి స్కాన్ కాగానే ఆ మనిషికి ముడిపడిపోతుంది. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో గేటు దగ్గర వేలి స్కాన్ తీసుకునేది ఇందుకే, తర్వాతి రోజుల్లో అదే మనిషి వస్తున్నారా అని చూడడానికి. ఫ్లోరిడా రాష్ట్రంలో ఒకసారి వాడిన, బదిలీకి వీల్లేని బహుళ దినాల టికెట్‌ను అమ్మడం చట్టప్రకారం నేరం కూడా. అమ్మినవాళ్ల మీద కేసు, కొన్నవాళ్లకు గేటు దగ్గర తిరస్కారం. మిగిలిన రోజుల గడువు పెంచగలరా అని పార్క్ గెస్ట్ సర్వీసెస్‌లో అడగడమే సరైన దారి.

మరొకరి సందేహం:
మా దగ్గర మిగిలింది పిల్లల టికెట్. దాన్ని పెద్దవాళ్లు వాడొచ్చా?

జవాబు:
నేరుగా కుదరదు. చాలా పార్కుల్లో కౌంటర్ దగ్గర తేడా కట్టి పెద్దల టికెట్‌గా మార్పించుకోవచ్చు. వయసు హద్దు పార్క్‌ను బట్టి మారుతుంది. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 3 నుంచి 9 ఏళ్లవరకు పిల్లల టికెట్, 10 నుంచి పెద్దలది. కొన్ని పార్కులు వయసు కాకుండా ఎత్తు కొలుస్తాయి. విద్యార్థి, వృద్ధుల రాయితీ టికెట్లకు గుర్తింపు కార్డు అడుగుతారు, అవి ఇంకొకరికి ఇచ్చినా పనికిరావు.

మరొకరి సందేహం:
యూరప్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లకు 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కుందంటారు. ఇక్కడ వర్తించదా?

జవాబు:
తేదీ ఉన్న టికెట్‌కు వర్తించదు. యూరోపియన్ యూనియన్ వినియోగదారుల హక్కుల నిర్దేశం 2011/83లో, నిర్ణీత తేదీకో కాలానికో కుదిరిన వినోద సేవలకు ఆ హక్కు నుంచి మినహాయింపు ఉంది. మీ కోసం పక్కన పెట్టిన చోటు చివరి నిమిషంలో ఖాళీ అయితే మళ్లీ అమ్ముకోవడం కష్టమన్నది దాని వెనుక కారణం.

మరో జవాబు:
ఇన్సూరెన్స్ మాట ఎవరూ ఎత్తలేదు. ప్రయాణ బీమా ఉంటే పాలసీలో ప్రయాణ రద్దు భాగం తీసి చూడండి. ముందే కట్టిన, వాపసు రాని ఖర్చులు చాలా పాలసీల్లో కవరవుతాయి, అందులో పార్క్ టికెట్ కూడా రావచ్చు. కాకపోతే రాలేకపోవడానికి కారణం పాలసీలో రాసినదై ఉండాలి. జబ్బు చేస్తే తేదీతో కూడిన డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. మనసు మారితే ఇవ్వరు. ఏ కారణానికైనా రద్దు చేసుకోవచ్చనే ప్రత్యేక కవర్ తీసుకుని ఉంటే సాధారణంగా 50 నుంచి 75 శాతం వస్తుంది.

క్లెయిమ్ ఎక్కువగా ఆగిపోయేది ఒక్క కాగితం దగ్గర. అమ్మినవాళ్లు రీఫండ్ ఇవ్వడానికి నిరాకరించారన్న రుజువు అడుగుతారు. అందుకే కస్టమర్ కేర్‌తో ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లోనో చాట్‌లోనో మాట్లాడి, ఆ 'కుదరదు' అన్న జవాబును దాచుకోండి.

ఇక బ్యాంకుకు చెప్పి కార్డు చెల్లింపు వెనక్కి తీసుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. పార్క్ మూసేశారు, టికెట్ అసలు అందలేదు, రెండుసార్లు డబ్బు కట్ అయింది, ఇలాంటివాటికే అది. మీరు రాలేకపోయినందుకు వేస్తే నిలవదు. పైగా ఆ సైట్ మీ ఖాతానే మూసేయొచ్చు, వెళ్తున్న ముగ్గురి టికెట్లు కూడా అదే ఆర్డర్‌లో ఉన్నాయి కాబట్టి అవీ రద్దయ్యే ప్రమాదం ఉంది.

టికెట్‌తో పాటు పార్కింగ్, భోజన కూపన్, క్యూ తప్పించే పాస్ లాంటివి కొన్నారేమో కూడా చూసుకోండి. వాటి రద్దు నిబంధనలు విడిగా ఉంటాయి, ప్రవేశ టికెట్‌కు రీఫండ్ లేకపోయినా వీటిలో కొన్నింటికి ఉంటుంది.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. సైట్‌వాళ్లకు మీరు చెప్పినట్టే రాశాను. తేడా కడితే మరుసటి రోజుకు మారుస్తామని జవాబు వచ్చింది. మాలో ఒకరు రెండో రోజు వెళ్తానంటున్నారు. ఆర్డర్ పేజీలో 'తేదీ మార్చు' బటన్ కూడా కనిపిస్తోంది, నేనే నొక్కేయనా?

జవాబు:
ఆగండి, నొక్కకండి. కొన్ని సైట్లలో ఆ బటన్ మొత్తం ఆర్డర్‌కు వర్తిస్తుంది, నాలుగు టికెట్లూ మరుసటి రోజుకు జరిగిపోతాయి. మళ్లీ వెనక్కి మార్చాలంటే పాత తేదీకి చోటు మిగిలి ఉండాలి, మార్పు ఒక్కసారే అన్న నిబంధన ఉంటే అదీ కుదరదు. బటన్ నొక్కాక టికెట్లను ఒక్కొక్కటిగా ఎంచుకునే గళ్లు రాకపోతే వెనక్కి వచ్చేసి, జవాబిచ్చిన ఏజెంట్‌నే అదే చాట్‌లో చేయమనండి.

మార్పు అయ్యాక కొత్త పీడీఎఫ్ వస్తుంది. అందులో మూడు టికెట్ల మీద పాత తేదీ, ఒకదాని మీద కొత్త తేదీ ఉన్నాయో లేదో చూడండి. మూడింటి కోడ్లు కూడా మారి ఉండవచ్చు, కాబట్టి పాత పీడీఎఫ్‌ను అందరి ఫోన్లలోంచి తీసేసి కొత్తదే పంపండి. రెండో రోజు టికెట్‌ను విడిగా సేవ్ చేసి పేరు పెట్టుకోండి. మొదటి రోజు గేటు దగ్గర హడావుడిలో దాన్ని చూపిస్తే తేదీ తప్పని తిప్పి పంపుతారు, వెనక నిలబడ్డవాళ్లందరూ ఆగిపోతారు.