కతారా ల్యాబ్‌లో సొంత రూట్ పెడితే రిజాల్వర్ సర్వ్‌ఫెయిల్ అంటోంది

లూప్‌బ్యాక్:
కతారాలో (ఒకే కంప్యూటర్‌లో నమూనా నెట్‌వర్క్ నడిపే టూల్) డీఎన్ఎస్ (పేరుకు ఐపీ చెప్పే వ్యవస్థ) ల్యాబ్ కడుతున్నాను. అన్నిటికీ పైన ఒక రూట్ సర్వర్, దాని కింద డాట్ ఇన్, ఆ కింద కాలేజీ జోన్ (కాలేజీ పేర్ల రికార్డులుండే భాగం), పక్కన వీటిని వరుసగా అడిగి జవాబు తెచ్చే రిజాల్వర్. అన్నిట్లోనూ డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ బైండ్ 9. ఏ సర్వర్‌నైనా డిగ్ అనే డీఎన్ఎస్ ప్రశ్నల కమాండ్‌తో నేరుగా అడిగితే జవాబు వస్తోంది. రిజాల్వర్‌ని అడిగితే మాత్రం సర్వ్‌ఫెయిల్, అంటే జవాబు ఇవ్వలేకపోయానన్న ఎర్రర్. రూట్ ఎక్కడుందో రిజాల్వర్‌కి చెప్పే హింట్స్ ఫైల్లో నా రూట్ ఐపీయే ఉంది. ఇలా ఎవరికైనా వచ్చిందా?

జోన్‌ఫైల్:
డీఎన్ఎస్‌సెక్ (జవాబులను డిజిటల్ సంతకంతో సరిచూసే పద్ధతి) అయ్యుంటుందండి. ఇప్పటి బైండ్‌లో అసలు ఇంటర్నెట్ రూట్ కీ ముందే ఉంటుంది. మీ రూట్‌కి ఆ కీతో చేసిన సంతకం ఉండదు కాబట్టి జవాబు చేతికొచ్చినా రిజాల్వర్ నమ్మదు. డిగ్‌లో ప్లస్ సీడీ (సంతకం సరిచూడొద్దని చెప్పే ఆప్షన్) పెట్టి అడగండి. అప్పుడు వస్తే కారణం అదే. ఆప్షన్స్‌లో డీఎన్ఎస్‌సెక్ వ్యాలిడేషన్‌కి నో పెడితే సరిపోతుంది.

లూప్‌బ్యాక్:
ప్లస్ సీడీతో వెంటనే వచ్చింది! చాలా థ్యాంక్సండి.

గోదావరి నోడ్:
నో పెట్టి అక్కడే ఆగిపోకండి, దయచేసి. అసలు నేర్చుకునేది ఇక్కడే ఉంది. మీ రూట్ జోన్‌కి, కింది జోన్లకు మీరే సంతకం చేయండి, కింది జోన్లకు డీఎస్ రికార్డులు (కింది జోన్ కీని పై జోన్ ధ్రువీకరించేవి) పెట్టండి, రిజాల్వర్‌లో ట్రస్ట్ యాంకర్‌గా, అంటే అది నేరుగా నమ్మే కీగా, మీ కీ రాసి వ్యాలిడేషన్‌కి ఆటో బదులు యెస్ ఇవ్వండి. తర్వాత రూట్ కీ మార్చి చూడండి. 2018 అక్టోబర్ 11న ప్రపంచమంతటికీ రూట్ కీ మార్చారు. అసలు నెట్‌లో రూట్ కీని మనం మార్చలేం, ల్యాబ్‌లో అయితే మార్చి, కొత్త కీ అందని రిజాల్వర్ ఏమవుతుందో హాయిగా చూడొచ్చు.

పోర్ట్ 53:
ల్యాబ్‌లో 10తో మొదలయ్యే ఐపీలేనా? అయితే రివర్స్ లుకప్ (ఐపీతో పేరు వెతకడం) కూడా ఇబ్బంది పెడుతుంది. ప్రైవేట్ ఐపీల రివర్స్ జోన్లను బైండ్ ఖాళీగా తనే సృష్టించుకుని, మీ సర్వర్‌ని అడక్కుండానే ఎన్ఎక్స్‌డొమైన్, అంటే ఆ పేరే లేదని చెప్పేస్తుంది. ఎంప్టీ జోన్స్ ఎనేబుల్‌కి నో ఇవ్వండి.

లూప్‌బ్యాక్:
అవును, 10 నెట్‌వర్కే, ఇది కూడా మార్చేస్తాను. ఇంకో సందేహం. జోన్‌లో కొత్త పేరు చేర్చి, సీరియల్ (జోన్ వెర్షన్ నంబర్) పెంచి, రీలోడ్ చేశాను. రిజాల్వర్ ఇంకా లేదనే అంటోంది.

జోన్‌ఫైల్:
పేరు చేర్చకముందు ఓసారి అడిగి ఉంటారు. 'లేదు' అన్న జవాబు కూడా క్యాష్‌లో ఉంటుంది. ఎంతసేపన్నది ఎస్‌ఓఏలోని (జోన్ మూల వివరాల రికార్డు) చివరి సంఖ్య, ఆ రికార్డు టీటీఎల్ (క్యాష్‌లో ఉంచే గడువు), రెండిట్లో చిన్నది చెబుతుంది. ల్యాబ్‌లో రెండూ 30 సెకన్లకు దించండి. ఒక పక్క రిజాల్వర్‌లో టీసీపీడంప్ (నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపే టూల్) నడుపుతూ అదే పేరు మళ్లీ మళ్లీ అడిగితే, గడువు తీరాక ప్యాకెట్ బయటికి వెళ్లడం కనిపిస్తుంది.