స్టార్‌గేట్ యూనివర్స్: మీరు ఎక్కడ ఆపేశారు, ఎందుకు ఆపలేదు?

రాత్రిషిఫ్ట్_రాజు:
ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి దాటించే గేటు కథలు, స్టార్‌గేట్ టీవీ సిరీస్‌లు. వాటిలో ఎస్‌జీ-1 పది సీజన్లూ, అట్లాంటిస్ ఐదు సీజన్లూ చూసేశాను. అలవాటు కొద్దీ మూడోది, అంతరిక్ష ఓడలో ఇరుక్కుపోయినవాళ్ల కథ స్టార్‌గేట్ యూనివర్స్ కూడా మొదలుపెట్టి ఆరో ఎపిసోడ్ దగ్గర ఆగిపోయాను. మొదట గాలి లేదన్నారు, తర్వాత కరెంటు లేదన్నారు, ఇప్పుడు నీళ్లు లేవంటున్నారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ చదువుతున్నట్టే ఉంది. తెలిసినవాళ్లని అడిగితే ఒకడు "మూడింట్లో ఇదే గొప్పది" అంటాడు, ఇంకొకడు "టైం దండగ" అంటాడు. మధ్యస్థంగా చెప్పేవాడు ఒక్కడూ దొరకలేదు. చూసినవాళ్లు ఉంటే మీ అనుభవం చెప్పండి. క్లైమాక్స్ మాత్రం చెప్పకండి ప్లీజ్.

చెరువుగట్టు:
నాది మూడు ఎపిసోడ్ల అనుభవం. మూడోదాంట్లో సున్నం కోసం గంటసేపు ఎడారిలో తిరిగారు. కిళ్లీ కొట్టుకి వెళ్తే పోయేది. అక్కడితో దండం పెట్టేశాను.

పడమటిగాలి:
చెరువుగట్టు గారూ, ఆ సున్నం ఎపిసోడ్ చూసే నేను ఉండిపోయాను. ఓడలో గాలిని శుభ్రం చేసే యంత్రం పాడైంది, బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతోంది, దాన్ని పీల్చుకోవడానికి సున్నం కావాలి. ఓడ ఆగేది కొన్ని గంటలే. సైనికుడు స్కాట్ ఎండకి పడిపోతూ లేస్తూ సంచీ మోసుకొస్తుంటే, గేటు మూసుకుపోకుండా ఈలై దాంట్లో చెయ్యి పెట్టి నిలబడతాడు. పాత సిరీస్ అయితే సైంటిస్టు కార్టర్ వచ్చి ఏ సర్క్యూటో కలిపి గట్టెక్కించేది. ఇక్కడ ఈ భయపడిపోయిన కుర్రాడికి చెయ్యి తప్ప వేరే పరికరం లేదు.

నేను 2009 అక్టోబర్‌లో మొదలైనప్పటి నుంచీ వారం వారం టీవీలోనే చూశాను. ఎమ్మెస్‌కి అమెరికా వచ్చిన మొదటి సెమిస్టర్. ఓడవాళ్లు మనసులు మార్చే రాళ్లు పట్టుకుని భూమ్మీద వేరేవాళ్ల ఒంట్లోకి వెళ్లి అయినవాళ్లని చూసొచ్చే సీన్లున్నాయే, వాటిని అందరూ తిడతారు. నిజమే, వాటిలో సగం అనవసరం. పరాయి మనిషి శరీరంతో వీళ్లు ఏమేం చేస్తున్నారో ఆలోచిస్తే చిరాకు కూడా వేస్తుంది. కానీ ఓడలో ఉన్న కమీల్ రే ఇంటికెళ్లి, తన భాగస్వామి షారన్ ఎదురుగా వేరే ముఖంతో కూర్చునే సీను చూసినప్పుడు నా చేతిలో కాలింగ్ కార్డు ఉంది. అందులో పదకొండు నిమిషాలు మిగిలాయి. అమ్మకి ఇప్పుడు చెయ్యాలా, ఆదివారం దాకా దాచుకోవాలా అని లెక్కలు వేసుకుంటున్నాను. ఇక ఆ షోని తిట్టడం నా వల్ల కాలేదు.

పాతగేటు:
రాజు గారూ, మీలాగే నేనూ పాత రెండూ చూసి వచ్చినవాణ్ణే కాబట్టి నా కోపం మీకు అర్థమవుతుంది. అట్లాంటిస్ నూరు ఎపిసోడ్లు పూర్తిచేసుకుంటోంది, జనానికి ఇంకా మొహం మొత్తలేదు, 2008లో ఆపేస్తున్నామన్నారు. సినిమా తీస్తామని ఊరించారు, అదీ రాలేదు. వెంటనే ఈ కొత్తది దిగింది. ఇంట్లో పెద్దాణ్ణి ఖాళీ చేయించి ఆ గదిలోనే కొత్తవాడికి మంచం వేసినట్టు. మాలో చాలామంది మొదటి ఎపిసోడ్ కూడా చూడకుండానే ముఖం తిప్పుకున్నారు. అది అన్యాయమే, ఒప్పుకుంటాను.

నేను మాత్రం చూశాను. చూశాకే తిడుతున్నాను. ఎస్‌జీ-1లో నలుగురు ఒకరికోసం ఒకరు ప్రాణం ఇస్తారు, మధ్యలో వాళ్ల నాయకుడు ఓనీల్ ఒక జోకు వేస్తాడు, మనకి హాయిగా ఉంటుంది. ఇక్కడ ఎనభై మంది దాకా ఓడలో ఇరుక్కుంటారు, ఒకడంటే ఒకడికి పడదు. (స్పాయిలర్, రాజు గారు దాటెయ్యండి) పదో ఎపిసోడ్‌లో ఓడలో సైనికుల పెద్ద కర్నల్ యంగ్, సైంటిస్టు డాక్టర్ రష్‌ని చితక్కొట్టి దిక్కులేని గ్రహం మీద వదిలేసి వచ్చి అబద్ధం చెబుతాడు. రష్ కూడా తక్కువేం తినలేదు, యంగ్‌ని హత్య కేసులో ఇరికించబోయాడు. ఇందులో నేను ఎవరి వైపు ఉండాలి? పైగా కెమెరా ఊగుతూ ఉంటుంది, దీపాలు సగం వెలుగుతాయి, ఆఖర్లో ఒక నీరసం పాట. బాటిల్‌స్టార్ గలాక్టికా అనే ఇంకో అంతరిక్ష సిరీస్ చూసి వాతలు పెట్టుకున్నారని అప్పట్లో అంతా అన్నారు. నేనూ అన్నాను.

వింగ్‌నంబర్3:
మా హాస్టల్‌లో ఎవరికీ ఎస్‌జీ-1 తెలీదు బ్రో. హాస్టల్ ఫైల్ షేరింగ్ డీసీలో ఎవరో పెట్టిన ఫోల్డర్, ఒక్క సీజనే ఉంది. ఎనిమిదో ఎపిసోడ్ 'టైమ్' చూసిన రాత్రి నాకు బాగా గుర్తు. వీళ్లు ఒక అడవి గ్రహం మీద దిగితే అక్కడ తమదే ఒక కీనో దొరుకుతుంది. కీనో అంటే గాల్లో తేలే కెమెరా. దాన్లో ఉన్న వీడియో చూస్తే అందులో ఉన్నది వీళ్లే, అదే గ్రహం మీద, వీళ్లు ఎప్పుడూ చెయ్యని పనులు చేస్తూ. సరిగ్గా అక్కడ మాకు కరెంటు పోయింది. మంచం మీద ఏడుగురం, ఒకే ల్యాప్‌టాప్, పద్దెనిమిది శాతం బ్యాటరీ. ఎవడూ కదల్లేదు. మిగతా గొడవలు నాకు తెలీదు కానీ రాజన్నా, ఎనిమిది దాకా చూడు.

చెరువుగట్టు:
అంటే అత్తగారింటి పాత సంగతులు తెలియని కోడలికే కాపురం బాగుందన్నమాట.

పాతగేటు:
ఆ మాట బాగుంది గానీ పూర్తిగా నిజం కాదు. మా తమ్ముడు నాతో కూర్చుని పాతవన్నీ చూసినవాడే, వాడికి ఇదంటే ప్రాణం. రష్ కోసం చూస్తాడు. రాబర్ట్ కార్లైల్ నటన గురించి నాకూ పేచీ లేదు. గదిలో అందరూ ఏడుస్తుంటే ఆయన గోడమీద అంకెలు చూసి నవ్వుకుంటాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండుతుంది, కళ్లు మాత్రం తిప్పుకోలేం.

సీలేరు:
ఇంత బాగుంటే రెండు సీజన్లకే ఎందుకు ఎత్తేశారు మరి?

పడమటిగాలి:
రెండో సీజన్‌కి శుక్రవారం నుంచి మంగళవారానికి మార్చేశారు. 2010 అక్టోబర్ నుంచి అదే చానెల్, సైఫై, శుక్రవారం రాత్రి స్మాక్‌డౌన్ వేసుకుంది. సైన్స్ ఫిక్షన్ చానెల్‌లో రెజ్లింగ్! బాటిల్‌స్టార్‌కి పిల్ల అయిన కాప్రికాని కూడా మంగళవారమే వేసి కొన్ని వారాలకే లేపేశారు. డిసెంబర్‌లో మనది. పైగా ఆ నవంబర్‌లోనే దీని సొంతదారు ఎంజీఎం దివాలా పిటిషన్ వేసింది. ఆ సెమిస్టర్ మంగళవారం సాయంత్రం నాకు ల్యాబ్ ఉండేది, నేనే మూడు వారాలు మిస్సయ్యాను.

పాతగేటు:
నేరం రెజ్లింగ్ మీదకి నెట్టడం సులువు. మంగళవారం రాకముందే, మొదటి సీజన్‌లోనే జనం జారిపోయారు. అసలు సరుకు రెండో సీజన్‌లో ఉంది, ఓడ ఎందుకు బయల్దేరిందో అక్కడ గానీ చెప్పలేదు. విందులో పప్పు ఆఖర్న వడ్డిస్తే ఎవరు కూర్చుంటారు? రెండో సీజన్ బాగుందని ఒప్పుకుంటున్నాను, గమనించండి.

రాత్రిషిఫ్ట్_రాజు:
రెండు వారాలైంది. నలభై ఎపిసోడ్లూ అయిపోయాయి. ఇకపై అంతా స్పాయిలరే.

మొదటి ఐదారు ఎపిసోడ్ల మీద నా మాట మార్చుకోను. క్లోయీ, స్కాట్‌ల ప్రేమకథ మన సాయంత్రం సీరియల్‌కి ఇచ్చేసినా నష్టం లేదు. కానీ ఐదో ఎపిసోడ్ వెనక్కి వెళ్లి మళ్లీ చూశాను. మొదటిసారి ఆఫీసు టికెట్లు క్లోజ్ చేసుకుంటూ చూసి ఉంటాను. చనిపోతున్నామని అందరూ వీడ్కోళ్లు చెప్పుకున్నాక ఓడ నక్షత్రంలోకి దూకుతుంది, దూకి ఛార్జింగ్ పెట్టుకుంటుంది! అదెలా దాటేశానో నాకే తెలీదు.

రెండో సీజన్‌లో పద్దెనిమిదోది 'ఎపిలోగ్' నడుస్తుంటే మా ఆవిడ నీళ్ల బాటిల్ కోసం వచ్చి నిలబడిపోయింది. వీళ్లే ఇంకో కాలంలో ఒక గ్రహం మీద స్థిరపడి, పిల్లల్ని కని, ముసలివాళ్లై పోయారు. ఆ వీడియోలు ఇప్పుడు వీళ్లే చూస్తున్నారు. "వీళ్లు బతికిన బతుకు వీళ్లకే తెలీదా?" అని అడిగింది. కథంతా చెప్పబోతే వద్దంది, కూర్చుని చూసింది.

ఆఖరిది మాత్రం... అందరూ మూడేళ్ల నిద్రలోకి వెళ్లిపోతారు, ఆ నిద్ర పెట్టెల్లో ఒకటి పాడైంది, బాగుచెయ్యడానికి ఈలైకి రెండు వారాలు గడువు. కిటికీ దగ్గర నిలబడి నవ్వుతాడు. అంతే. 2011 మే 9న ఇది టీవీలో చూసినవాళ్లు మర్నాడు పనికి ఎలా వెళ్లారండీ?

పడమటిగాలి:
మర్నాడు నాకు ఆఖరి సెమిస్టర్ ఆఖరి పరీక్ష. వెళ్లాను, రాశాను. గ్రేడు అడగకండి.

పాతగేటు:
ఆ నవ్వు మీద నాకూ ఫిర్యాదు లేదు.

చెరువుగట్టు:
మీ అందరి గోల భరించలేక నాలుగోది పెట్టాను. కరెంటు పోయింది. మా ఇంట్లో కాదు, ఓడలో.