ఐదు సీడీల పద్యనాటకాల పెట్టెలో ఏముంటాయి: రికార్డులా, పందిరి టేపులా?

పెన్నాశ్రోత, నెల్లూరు:

ఒంగోలు వైపు పాత రికార్డులు దాచిన కొందరు కలిసి పౌరాణిక నాటక పద్యాలతో ఒక పెట్టె తెస్తున్నారు. ఇప్పటికి వాళ్లు చెప్పింది మూడు ముక్కలే: 5 సీడీలు, 64 పేజీల పుస్తకం, "1965 దాకా వచ్చిన గళాలు". ఏ పద్యం, ఎవరి గొంతు అన్నది బయటపెట్టలేదు. నా అంచనా ఇది: పెట్టె మొత్తం 78 ఆర్పీఎం రికార్డులే (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను పళ్లేలు), పందిట్లో నాటకం ఆడుతుండగా ఎత్తిన టేపు ఒక్కటీ ఉండదు.

1965 అన్న అంకె ఊరికే పడింది కాదు. మన కాపీరైటు చట్టం ప్రకారం రికార్డు విడుదలైన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1965లో వచ్చిన రికార్డుకు 2025 డిసెంబరు 31తో గడువు తీరింది. అంటే కంపెనీల అనుమతి అక్కర్లేని సరుకుతోనే పెట్టె కట్టారు.

ఇక నిమిషాల లెక్క. పది అంగుళాల రికార్డులో ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది. సగటున 3 నిమిషాల 15 సెకన్లు వేసుకుంటే 24 వైపులకు 78 నిమిషాలు, అంతటితో ఒక సీడీ నిండింది. ఐదు సీడీలకు 120 వైపులు, అంటే 60 రికార్డులు. ఆ రోజుల్లో నాటకాన్ని సెట్టుగా అమ్మేవాళ్లు కాబట్టి, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలకు రెండు సీడీలు, హరిశ్చంద్ర నాటకానికి ఒకటి, రంగస్థల నటులు కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు గార్ల కాలానికి ఒకటి, రఘురామయ్య, బందా కనకలింగేశ్వరరావు గార్ల తరానికి ఒకటి ఉంటాయని నా లెక్క.

ఘంటసాల గారి పుష్పవిలాపం ఉంటుందా అని చాలామంది అడుగుతున్నారు. ఉండదు. అది నాటక పద్యం కాదు. పైగా రికార్డుకు గడువు తీరినా సాహిత్యానికి తీరలేదు. దాన్ని రాసిన కరుణశ్రీ గారు 1992లో కాలం చేశారు, రచనకు రచయిత తర్వాత 60 ఏళ్లు, అంటే 2052 దాకా ఆగాలి.

కాటిసీను, కందుకూరు:

అన్నా, లెక్క బాగుంది. అందులో నాటకం యాడుంది?

రికార్డు మీద పద్యం వేరు, పందిట్లో పద్యం వేరు. రాయబారంలో కృష్ణుడు పాడే "జెండాపై కపిరాజు" తీసుకోండి. శార్దూలం, పాదానికి 19 అక్షరాలు, నాలుగు పాదాలకు 76. ఊరికే చదివితే అర నిమిషం పట్టదు. స్టేజీ మీద కృష్ణుడు పాదం విరిచి, హార్మోనియం అందుకున్న చోట ఆగి, చివర రాగం తీసుకుంటూ పోతే ఐదారు నిమిషాలు. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటికి. మూడు నిమిషాల రికార్డులో ఆ రాగమే కోసేశారు. రికార్డు ఎత్తే మైనం పలక అయిపోతుందని గాయకుడు ఆఖరి పాదం తరుముకుంటూ పోతాడు, చెవి పెట్టి వింటే తెలుస్తుంది.

ఇంకోటి. మన వైపు తిరునాళ్లలో పడకసీనుకు (అర్జునుడు, దుర్యోధనుడు సాయం అడగొచ్చే ఘట్టం) ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు పోటీ పడి పాడటం రికార్డులో దొరకదు. నెల్లూరు పురమందిరంలోనో, తిరునాళ్ల పందిట్లోనో స్పూలు మెషీను (టేపు చుట్టలతో నడిచే రికార్డరు) పెట్టి ఎత్తిన టేపుల్లోనే దొరుకుతుంది. అది లేకుండా 64 పేజీల పుస్తకం దేనికి రాస్తారు? రికార్డు మధ్యలో అంటించిన చీటీ మీద ఉన్న పేర్లకు పది పేజీలు చాలు.

మూడువేలవంతు సూది, ఒంగోలు:

ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. 60 రికార్డులు దొరకడం వేరు, 120 వైపులు వినపడేలా ఉండటం వేరు.

ఊళ్లలో గ్రామఫోను ఇనుప సూదితో నడిచింది. సూది ప్రతి వైపుకూ మార్చాలి. మార్చకుండా పది వైపులు తిప్పితే సూది మొన ఉలిలాగా రికార్డు మీది గాడి గోడల్ని చెక్కేస్తుంది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలేది లోపలి గాడి చుట్లకు. చీటీ దగ్గరికి వచ్చేసరికి చుట్టు చిన్నదవుతుంది, అదే ధ్వని తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది. పద్యంలో గాయకుడు పై షడ్జమం పట్టేదీ సరిగ్గా అక్కడే, వైపు ముగిసే చోట. మొదటి రెండు నిమిషాలు అద్దంలా ఉండి, ఆఖరి ఎత్తుగడ గరగరమని చీలిపోయే రికార్డులు అందుకే అన్ని ఉన్నాయి. ఆ గరగరను ఏ సాఫ్ట్‌వేరూ తీయలేదు, ధ్వనే పోయింది కాబట్టి.

కొంత రక్షించుకోవచ్చు. ఎల్పీ (తర్వాత వచ్చిన, ఎక్కువసేపు పాడే రికార్డు) సూది మొన సుమారు 0.0007 అంగుళం, అది 78 గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. 0.003 అంగుళం మొన వేయాలి. దాంతోబాటు 0.0025, 0.0035 కూడా దగ్గరుంటే ఇనుప సూది తినని ఎత్తులో గోడను పట్టుకోవచ్చు. స్టీరియో కాట్రిజ్‌తో (సూదిని పట్టుకుని ధ్వనిని అందుకునే భాగం) ఎత్తి రెండు గోడల్నీ వేరువేరుగా వినాలి. చాలాసార్లు ఒక గోడ అరిగి రెండోది బాగుంటుంది, బాగున్నదే ఉంచుకోవచ్చు. చిటపటలు ముందు తీసి, బాస్ ట్రెబుల్ సర్దుబాటు తర్వాత చేయాలి. వరుస తిరగబడితే ప్రతి చిటుకూ సాగి మొద్దు దెబ్బలాగా అవుతుంది, తర్వాత పట్టుకోవడం కష్టం.

కడగడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రికార్డులు అక్కడే చస్తున్నాయి. స్పిరిట్టు, శానిటైజరు చుక్క కూడా తగలకూడదు. ఆ రికార్డు లక్కతో చేసింది, ఆల్కహాలులో లక్క కరుగుతుంది. డిస్టిల్డ్ వాటరు, రెండు చుక్కల మెత్తని సబ్బు, చీటీ తడవకుండా మెత్తని కుచ్చుతో గాడి వెంబడి తుడిచి, మళ్లీ ఒట్టి నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. మన ఎండలో పెడితే పళ్లెంలా వంగుతుంది.

ఇంత చేసినా 120 వైపుల్లో నాలుగో వంతు పక్కన పెట్టక తప్పదని నా అంచనా. మిగిలేది 90 వైపులు, నాలుగు సీడీలు కూడా గట్టిగా నిండవు. మరి ఐదో దాంట్లో ఏముంది?

పెన్నాశ్రోత, నెల్లూరు:

సూది గారూ, అరుగుడు లెక్క ఒప్పుకుంటున్నాను, నా అంచనాలో దాన్ని మినహాయించలేదు. కానీ ఐదోది టేపు అవ్వడానికి చట్టమే అడ్డం. 60 ఏళ్ల లెక్క మొదలయ్యేది విడుదలైన ఏడాది నుంచి. పందిట్లో ఎత్తి బీరువాలో పెట్టిన టేపు ఎప్పుడూ విడుదల కాలేదు, కాబట్టి దాని గడియారం తిరగడమే మొదలవలేదు. 1964లో ఎత్తిన టేపైనా సరే, ఇవాళ్టికి హక్కు బతికే ఉంది.

కాటిసీను, కందుకూరు:

బతికే ఉంది, సరే. ఎవరి దగ్గర? టేపు ఎత్తించినవాళ్ల దగ్గర, వాళ్లు లేకపోతే వారసుల దగ్గర. కంపెనీతో పని లేదు, ఇంటికి పోయి సంతకం పెట్టించుకుంటే చాలు. పాడినవాళ్ల హక్కు వేరే ఉంది, అది ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది నుంచి 50 ఏళ్లు. 1975 దాకా ఆడిన నాటకానికి అది కూడా 2025తో తీరిపోయింది. "1965 దాకా వచ్చిన గళాలు" అన్నారు, "1965 దాకా వచ్చిన రికార్డులు" అనలేదు గదా. అప్పటికే పేరు తెచ్చుకున్న గొంతు 1972లో పాడినా ఆ మాట కిందికే వస్తుంది.

మీ హరిశ్చంద్ర సీడీకి మాత్రం చిక్కుంది అన్నా. నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లో పోయారు, ఆయన పద్యాలకు 2013తో గడువు తీరింది. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వారు 1950లో పోయారు, జంట రచనకు చివరి కవి నుంచి లెక్క కాబట్టి 2010తో సరి. అయితే కాటిసీనులో, అంటే శ్మశానం ఘట్టంలో, జనం ఎదురుచూసేది జాషువా గారి "ఇచ్చోటనే" పద్యాల కోసం. ఆయన 1971లో పోయారు. 2031 డిసెంబరు దాకా వారసుల అనుమతి కావాలి. అనుమతి లేకుంటే ఆ పద్యాలు తీసేయాలి, అవి తీసేసిన కాటిసీను మన వైపు ఎవరూ కొనరు. కాబట్టి వీళ్లు సంతకాల కోసం ఎట్టాగూ తిరిగే ఉంటారు. జాషువా పద్యాలకు తిరిగినవాళ్లు టేపుకు తిరగరా?

హార్మోనియం మెట్టు, చీమకుర్తి:

రికార్డా టేపా అన్న వాదన కంటే శ్రుతి సంగతి నాకు ముఖ్యం. పెట్టె బాగుందా పాడైందా తేలేది అక్కడే.

78 అని రాసి ఉన్నా పాత రికార్డులన్నీ 78 మీద ఎత్తలేదు. మైకు రాకముందు బూరలోకి పాడినవి ఇంకా అన్యాయం, 74 మీద, 80 మీద కూడా ఉంటాయి. 74 మీద ఎత్తింది 78 మీద తిప్పితే శ్రుతి దాదాపు అర మెట్టు పైకి పోతుంది. ఐదు శ్రుతిలో పాడిన మనిషి ఐదున్నరలో పాడినట్టు, గొంతు సన్నబడి, గమకం తొందరపడి వినిపిస్తుంది. మనం విని "అబ్బా, ఎంత ఎత్తులో పాడాడో" అని మెచ్చుకుంటాం. ఆయన పాడిన ఎత్తు అది కాదు.

దీనికి సాక్షి హార్మోనియమే. గొంతు జారొచ్చు, వయొలిన్ బిరడా జారొచ్చు, రీడు జారదు. ఒక సెట్టులోని పది వైపులూ ఒకే హార్మోనియంతో ఎత్తి ఉంటే పదింటిలోనూ షడ్జమం ఒకే చోట ఉండాలి. మొదటి వైపు, ఆరో వైపు పక్కపక్కన వింటే తేడా ఇట్టే దొరుకుతుంది. సరిచేయడానికి సాఫ్ట్‌వేరులో వేగమే మార్చాలి. శ్రుతి మాత్రమే మార్చే మీట నొక్కితే గమకం తప్పు వేగంలోనే ఉండిపోతుంది. ఆనాటి హార్మోనియాలన్నీ ఇవాళ్టి ట్యూనర్‌తో సరిపోవు కాబట్టి మెట్టు మీద కచ్చితంగా కూర్చోకపోయినా కంగారు పడక్కర్లేదు. వైపు వైపుకూ తేడా రాకుండా ఉండటమే పరీక్ష.

టేపులోనూ ఇదే బాధ, ఇంకో రూపంలో. జనరేటరు కరెంటు మీద స్పూలు మెషీను నడిపితే, లైట్ల లోడు పడ్డప్పుడు ఫ్రీక్వెన్సీ 50 నుంచి 48కి దిగుతుంది, మోటారు నిదానిస్తుంది. అలా ఎత్తిన టేపును ఇంట్లో సరైన కరెంటు మీద వేస్తే ఆ భాగం 4 శాతం వేగంగా, శ్రుతి అర మెట్టులో మూడింట రెండు వంతులు పైకి. పద్యం మధ్యలో హార్మోనియం దానంతటది పైకి పాకుతున్నట్టు వినిపిస్తే అది హార్మోనిస్టు తప్పు కాదు, జనరేటరుది. దాన్ని ముక్కముక్కగా సరిచేయాలి, ఒకే అంకెతో మొత్తం టేపు సరిపోదు.

మూడువేలవంతు సూది, ఒంగోలు:

హార్మోనియం గారు టేపు ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఒక లెక్క. ఏడంగుళాల స్పూలు, 1200 అడుగుల టేపు, సెకనుకు మూడుముప్పావు అంగుళాల వేగం: ఒక వైపు 64 నిమిషాలు. ఒక సీడీలో కోత లేకుండా పడుతుంది. రాయబారం సీను ఒక్కటే పెట్టాలనుకునేవాళ్లకు ఇంతకంటే అనువైన కొలత లేదు. 1975కు ముందు పందిట్లో ఎత్తింది కాబట్టి క్యాసెట్టు కంటే స్పూలుకే అవకాశం ఎక్కువ.

వేసే ముందు, టేపును చదివే హెడ్డు కోణం సరిచూసుకోవాలి. ఎత్తిన మెషీను కోణం వేరు, వేసే మెషీను కోణం వేరు అయితే పై శబ్దాలు మాసిపోతాయి, తాళం చప్పుడు గోనెసంచి మీద కొట్టినట్టు ఉంటుంది. మోనోలో వింటూ హెడ్డు మర కొంచెం కొంచెంగా తిప్పి, తాళం టంగుమన్న చోట ఆపాలి. ప్రతి స్పూలుకూ మళ్లీ చేయాలి.

పెన్నాశ్రోత, నెల్లూరు:

అంచనా మారుస్తున్నాను. ఉద్యోగ విజయాలకు రెండు కాదు, ఒకటిన్నర సీడీ. మిగిలిన సగంలో హరిశ్చంద్ర మొదలై మూడో దాంట్లోకి పోతుంది. కపిలవాయి, స్థానం వారి కాలం మూడో సీడీ చివర, నాలుగోది రఘురామయ్య, బందా గార్లది. ఐదోది టేపు అయ్యే అవకాశం సగానికి సగం, అంతకు మించి ఒప్పుకోను. జాషువా పద్యాలు ఉంటేనే కాటిసీను గారి వాదన నిలుస్తుంది, సంతకాల కోసం తిరిగారనడానికి రుజువు అదొక్కటే.

చింతామణి నాటకం సంగతి ఎవరూ ఎత్తలేదు. అది రాసిన కాళ్లకూరి నారాయణరావు గారు 1927లోనే పోయారు, రచనకు ఏ చిక్కూ లేదు. కానీ 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. రికార్డు వినడం ప్రదర్శన కాకపోయినా, పెట్టె తెచ్చేవాళ్లు ఆ జోలికి పోరనే నా నమ్మకం.

కాటిసీను, కందుకూరు:

సగానికి సగం చాలన్నా. కానీ చింతామణిలో భవానీశంకరుడి పద్యాలైనా ఉండాలి. గొడవ సుబ్బిశెట్టి పాత్ర మీద వచ్చింది, ఆ పద్యాల మీద కాదు.

హార్మోనియం మెట్టు, చీమకుర్తి:

జాబితా వచ్చిన రోజు పేర్ల కంటే ముందు నిమిషాలు చూడండి. 3:05, 3:20 ఇట్టా ఉంటే ఒక్కో వైపు ఉన్నదున్నట్టు పెట్టారు. 6:30 దగ్గర ఉంటే రెండు వైపులు అతికారు. ఆ అతుకు దగ్గర చెవి పెట్టండి, హార్మోనియం షడ్జమం అటూ ఇటూ ఒకటిగా ఉంటే వేగం సరిచేసినవాడికి పని తెలుసు. 60 నిమిషాలు దాటిన ఒకే ట్రాకు కనిపిస్తే కాటిసీను గారు గెలిచినట్టే.