"గోజాడటం" ఎవరి మాట? లూకా 18లో ఒక సందేహం

ప్రశ్న: అందరికీ వందనాలు. మొన్న ఉపవాస ప్రార్థనలో మా పాస్టర్‌గారు "దేవుణ్ణి గోజాడాలి, అప్పుడే జవాబు" అన్నారు. లూకా 18:5లో ఆ మాట ఉన్న సంగతి నిజమే. కానీ దేవుడి విషయంలో అలా అనవచ్చా? అసలు గోజాడటం అంటే ఏమిటి? మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

జవాబు: వందనాలు బ్రదర్. మంచి ప్రశ్న అడిగారు. వదలకుండా వెంటపడి, అడిగిందే అడిగి ప్రాణం తోడెయ్యడం అనే అర్థంలో ఆ మాట అక్కడ వాడారు. అయితే అర్థం కంటే ముందు, ఆ మాట ఎవరి నోట వచ్చిందో చూడండి.

యేసు చెప్పిన ఆ ఉపమానంలో, దేవునికి భయపడని, మనుష్యులను లక్ష్యపెట్టని ఒక న్యాయాధిపతి దగ్గరికి ఒక విధవరాలు న్యాయం కోసం మళ్లీ మళ్లీ వస్తుంది. ఆమె చేసిన పని ఒక్కటే, కానీ చెప్పేవాణ్ణి బట్టి దాని పేరు మారింది. కథ చెప్పేటప్పుడు "అడుగుచు వచ్చెను" అని ఉంది (3వ వచనం). ఈ "వచ్చెను" నాకు చాలా ఇష్టం. ఆమె పదేపదే రావడమూ అందులో ఉంది, ఆపకుండా అడుగుతూ ఉండటమూ ఉంది. మూలభాష గ్రీకులో అలవాటుగా సాగే పనిని చెప్పే భూతకాల రూపం అక్కడ ఉంది. తెలుగులో ఆ ఒక్క మాటతో అది చక్కగా పలికింది.

అదే పని న్యాయాధిపతి చెవికి ఎలా వినపడింది? "నన్ను తొందరపెట్టుచున్నది", "మాటిమాటికి వచ్చి గోజాడకుండునట్లు". ఈ తొందరపెట్టడం హడావిడి చేయడం కాదు, ఇబ్బంది పెట్టడం. కన్నడంలో ఇప్పటికీ తొందరె అంటే ఇబ్బందే. లూకా 11:7లో అర్ధరాత్రి రొట్టెల కోసం వచ్చిన స్నేహితుడితో లోపలివాడు "నన్ను తొందరపెట్టవద్దు" అన్నదీ ఈ అర్థంలోనే. ఇక గోజాడటం ఉన్న చోట గ్రీకు క్రియకు అసలు అర్థం కంటి కింద గుద్దడం. పౌలు 1 కొరింథీ 9:27లో తన శరీరం గురించి అదే క్రియ వాడితే మనవాళ్లు "నలగగొట్టి" అని అనువదించారు. ఇక్కడ మాత్రం గుద్దులు వదిలేసి మాటలతో నలగగొట్టే పదాన్ని పట్టుకొచ్చారు. ఆ అనువాదకులకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు 7వ వచనం చదవండి. దేవుని దగ్గరికి వచ్చేసరికి యేసు ఆ మాటను అక్కడే వదిలేశాడు. "దివారాత్రులు తన్నుగూర్చి మొఱ్ఱపెట్టుకొనుచుండగా వారికి న్యాయము తీర్చడా?" అన్నాడు. గోజాడటం పట్టించుకోనివాడి చెవికి వినపడిన మాట. మొఱ్ఱ వినేవాడి దగ్గర పెట్టుకునేది. మీ పాస్టర్‌గారు ప్రార్థన మానవద్దనే ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు, అందులో తప్పు లేదు. నేనైతే మాత్రం "దేవుణ్ణి గోజాడాలి" అనను. అలా అంటే ఆయన్ని ఆ న్యాయాధిపతి కుర్చీలో కూర్చోబెట్టినట్టు అవుతుంది.

మరో సభ్యురాలు: అన్నా, మొదటి వచనంలో "విసుకక నిత్యము" అని ఉంది. "విసుగక" అని కదా ఉండాలి? అచ్చుతప్పా?

జవాబు: అచ్చుతప్పు కాదమ్మా, పాత రూపం. గలతీ 6:9లో కూడా "మేలుచేయుటయందు విసుకక" అనే ఉంది. గ్రీకులో ఈ రెండు చోట్లా ఉన్న క్రియే 2 కొరింథీ 4:1లోనూ ఉంది. అక్కడ మన బైబిల్లో "అధైర్యపడము" అని ఉంది. కాబట్టి ఇక్కడ విసుకటం అంటే ప్రార్థన బోరు కొట్టడం కాదు. ఇక లాభం లేదని గుండె జారిపోయి, కాళ్లు వెనక్కి లాగేయడం.

ఇది నాకు మా అమ్మను చూశాక అర్థమైంది. నాన్న పోయాక పింఛను కోసం అమ్మ పదకొండు నెలలు ఒక ఆఫీసు చుట్టూ తిరిగింది. డెత్ సర్టిఫికెట్‌లో నాన్న పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. తేడా ఒక్క అక్షరం. సోమవారం వస్తే చాలు, జెరాక్సులన్నీ బట్టల షాపు సంచిలో పెట్టుకుని ఏడున్నర బస్సెక్కేది. వెళ్లి గుమ్మం పక్క బల్ల మీద కూర్చునేది. "మళ్లీ వచ్చావా పెద్దమ్మా" అంటే "వచ్చాను బాబూ" అనేది, అంతే. ఒక్కనాడూ గొంతు పెంచలేదు, అక్కడ కన్నీళ్లు పెట్టుకోలేదు. వాళ్ల లెక్కలో మాత్రం అది గోజాడటమే.

ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచేది. మంచం పట్టె మీద మోచేతులు ఆనించి మోకరించేది. ఆఫీసులో పెగలని మాటలన్నీ అక్కడ వచ్చేవి. ఆ గుమాస్తా మీద కోపం, నాన్న మీద బెంగ, కరెంటు బిల్లు, నా ఉద్యోగం, అన్నీ. పక్క గదిలో పడుకుని వింటూ ఉండేవాణ్ణి. పింఛను వచ్చాక సోమవారం బస్సు మానేసింది. నాలుగింటికి లేవడం మానలేదు.