ఊరితో మన బంధానికి వేర్లు తప్ప వేరే పోలిక లేదా?

బొబ్బిలి ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మా అత్తవారిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక చిన్న ఊరు. ఊళ్ళో ఉన్నవాళ్ళ కంటే మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళే ఎక్కువేమో అనిపిస్తుంది. హైదరాబాద్, చెన్నై, గుజరాత్, దుబాయ్, ఎక్కడెక్కడి వాళ్ళో ఉన్నారు. సంక్రాంతికి అందరూ వస్తారు కదా, ఒక చిన్న పుస్తకం వేద్దామనుకున్నారు. టీచరమ్మ కదా అని ముందుమాట నా నెత్తిన పెట్టారు.

ఇప్పటికి చేతికి వచ్చిన వ్యాసాలన్నిట్లో ఒకటే మాట. ఎంత ఎత్తుకు ఎదిగినా వేర్లు మరవకూడదు, ఊరే మన వేరు, ఊరే మన తల్లివేరు. రాసినవాళ్ళ మనసు మంచిదే. కానీ ఉద్దానంలో కూర్చుని ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున్నే చూస్తే మా మామగారి తోటలో కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా లేచి అడ్డంగా పడున్నాయి. ఆయన చాన్నాళ్ళు తోట వైపే వెళ్ళలేదు. కరెంటు లేదు, ఫోన్లు పనిచెయ్యవు, మోటార్లు తిరగక తాగడానికి నీళ్ళు లేవు. అప్పుడు జనరేటర్ పంపించింది ఎవరనుకున్నారు? ఊరు వదిలేసి పోయారని అందరూ దెప్పే కుర్రాళ్ళే. ఎవరింట్లో ఎవరు క్షేమమో గ్రూపులో పేరు పేరునా రాసి పెట్టిందీ వాళ్ళే.

ఇంకో సంగతి. నేను ఈ ఊళ్ళో పుట్టలేదు. మా అత్తగారూ పుట్టలేదు, ఆవిడ అత్తగారూ పుట్టలేదు. వేర్ల లెక్క చూస్తే ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు పొరుగూరి వాళ్ళమే.

అందుకని అడుగుతున్నాను, వేర్లు కాకుండా ఇంకేదైనా పోలిక చెప్పండి. జీవితం ఒక ప్రయాణం అని మాత్రం అనకండి. పండగ ముందు పలాసలో జనరల్ బోగీ ఎక్కినవాళ్ళకి ఆ మాట వింటే టెన్షన్ వస్తుంది.

జీడితోట కుర్రాడు:

అక్కా, వరి నారు గురించి రాయండి. ఆకుమడిలో మొలుస్తుంది, ఉభాలప్పుడు పీకి వేరే మడిలో నాటితేనే పిలకలు వేస్తుంది. కోడళ్ళకీ సరిపోతుంది, వలస పోయినవాళ్ళకీ సరిపోతుంది.

బొబ్బిలి ఆడపడుచు:

తమ్ముడూ, నా పెళ్ళిలో పెద్దవాళ్ళు అప్పగింతలప్పుడు చెప్పింది అక్షరాలా ఇదే. పీకమంటావా వద్దా అని నారుని ఎవరూ అడగరు, అందుకే నాకు నచ్చదు. నువ్వు మాత్రం మంచిగానే చెప్పావులే.

టెక్కలి మాస్టారు:

అమ్మా, మా పక్కనే తేలినీలాపురం ఉంది. ఏటా వానాకాలం చివర్లో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి, ఎండలు ముదిరే లోపు పిల్లలతో వెళ్ళిపోతాయి. అవి రాకపోతే ఊరికి అరిష్టమని జనం నమ్మకం. వాటిని ఎవరూ కొట్టరు, కొట్టనివ్వరు. పండక్కి వచ్చిపోయే పిల్లలకి ఇంతకంటే దగ్గర పోలిక ఏముంటుంది?

అయితే ఒక జాగ్రత్త. అవి సైబీరియా నుంచి వస్తాయని మన వైపు అందరూ అంటారు, పేపర్లలోనూ రాస్తారు. నేనూ పిల్లలకి చాలా కాలం అలాగే చెప్పాను. నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణాసియావే. ఇక్కడికి వచ్చేది చలికి తట్టుకోలేక కాదు, గుడ్లు పెట్టి పిల్లల్ని లేపడానికి. అంటే మనం విదేశీ అతిథులు అని ముద్దుగా పిలుచుకునే పక్షుల్లో చాలావరకు ఆ చింతచెట్ల మీదే కళ్ళు తెరిచి ఉంటాయి. అతిథి అని ఎవర్ని అనాలో, ఊరివాడని ఎవర్ని అనాలో మీరే ఆలోచించండి.

జీడితోట కుర్రాడు:

మాస్టారూ, పక్షులు రెట్టలు వేసి పోతాయి. మా ఊరి ఎన్నారైలు ఈ పోలిక చూస్తే చందా వెనక్కి అడుగుతారు.

భావనపాడు తీరం:

పెద్ద వల గురించి రాయండమ్మా. ఒక తాడు కొస ఒడ్డున ఉంటుంది. పడవ వలని సముద్రంలోకి తీసుకెళ్ళి అర్ధచంద్రంలా తిప్పి రెండో కొస దూరంగా ఒడ్డుకి చేరుస్తుంది. ఇక రెండు వైపులా జనం నిలబడి లాగాలి. ఒక వైపు బలం తగ్గితే వల వంకర పోతుంది, చేప జారిపోతుంది. దారిన పోయేవాడు వచ్చి తాడు పట్టుకున్నా ఎవరూ నీది ఏ ఊరు అని అడగరు, చివర్లో కూరకి నాలుగు చేపలు చేతిలో పెడతారు.

మా వాళ్ళు చాలామంది గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికి పోతారు. 2018 చివర్లో మన జిల్లా వాళ్ళు కొందరు పాకిస్తాన్‌కి పట్టుబడి 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అన్ని నెలలూ తాడు ఈ కొస పట్టుకున్నది ఇళ్ళల్లో ఆడవాళ్ళే. కలెక్టరాఫీసు చుట్టూ తిరిగారు, నాయకుల్ని కలిశారు, వదల్లేదు. అందులో పెళ్ళై వచ్చినవాళ్ళెవరు, ఊళ్ళో పుట్టినవాళ్ళెవరు అని మేము చూసుకోలేదు.

టెక్కలి మాస్టారు:

బాగా చెప్పావు నాయనా. కానీ ఆ పోలికలో చేప ఎవరో ముందే తేల్చుకోండి, లేకపోతే ఎవరో ఒకరు అడుగుతారు.

తోటల శాఖ పాత ఉద్యోగి:

అమ్మా, కొబ్బరిచెట్టు తరఫున నాలుగు మాటలు. కొబ్బరికి తల్లివేరే ఉండదు. మొదలు చుట్టూ వేల కొద్దీ వేళ్ళు, లావంతా ఒకటే, పక్కలకి పాకుతాయి. పాతవి చచ్చిపోతూ ఉంటాయి, మొదట్లోంచి కొత్తవి పుడుతూ ఉంటాయి, చెట్టు బతికున్నంత కాలం ఇదే పని. పక్కనున్న జీడిమామిడికి లోతుగా దిగే తల్లివేరు ఉంది, తిత్లీకి అదీ పడింది. కాబట్టి తల్లివేరు ఉంటే నిలుస్తారు, లేకపోతే పడతారు అనేది మనుషులు కట్టిన కథ. మీ వాళ్ళు వేర్లనే మాట వదలకపోతే కనీసం ఏ చెట్టు వేర్లో సరిగ్గా రాయమనండి. దేశవాళీ మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది, తుపాను తర్వాత నాటినవాళ్ళంతా అది తెలిసే నాటారు.

బొబ్బిలి ఆడపడుచు:

సార్, ఇంతకాలం ఆ తోటలో తిరుగుతున్నాను, ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పాతవి పోతూ కొత్తవి పుట్టే వేళ్ళయితే ఆ లెక్కలో నేనూ ఉంటాను, మా అత్తగారూ ఉంటారు, దుబాయ్‌లో ఉన్న మా మరిదీ ఉంటాడు. ముందుమాట దీంతోనే మొదలుపెడతాను. తుపాను రోజుల గురించి రాసే చోట పెద్ద వల పెడతాను. చేప సంగతి ఎత్తను మాస్టారూ. మీ పక్షుల్ని పిల్లల పేజీకి ఇచ్చేశాను, సైబీరియా లేకుండా.

రాసినంత వరకు మా మామగారికి చదివి వినిపించాను. ఆయన మంచం మీంచి లేవకుండానే, "వేళ్ళ సంగతి సరే గానీ, కాయ ధర గురించి కూడా ఒక ముక్క రాయమ్మా" అన్నారు.