ఒక జన్యువును పనిచేయకుండా చేస్తే మొక్కకు నష్టం ఉండదా?

ప్రశ్న:
పైర్లలో జన్యు సవరణ గురించి చదువుతున్నాను. చాలా ఉదాహరణల్లో కొత్త జన్యువును చేర్చకుండా, ఉన్నదాన్నే పనిచేయకుండా చేసి తెగులును అడ్డుకున్నామని రాస్తున్నారు. పనిలేని జన్యువు మొక్కలో ఉండదు కదా. దాన్ని పాడుచేస్తే ఎదుగుదల కుంటుపడదా? అలాగే, డీఎన్ఏ కత్తిరింపు కోసం పంపిన క్యాస్9 (డీఎన్ఏను కత్తిరించే ప్రోటీన్) జన్యువు మొక్కలో శాశ్వతంగా ఉండిపోతుందా?

మొదటి జవాబు:
మీ రెండో సందేహం తేలికైనది. క్యాస్9 జన్యువు ఒకే చోట చేరి ఉంటే, ఆత్మపరాగ సంపర్కంతో వచ్చే తర్వాతి తరంలో సుమారు నాలుగో వంతు మొక్కల్లో అది ఉండదు. సవరణ సాధారణంగా వేరే చోట జరుగుతుంది కనుక, వాటిలో సవరణ నిలిచిన మొక్కలను పరీక్షించి ఏరుకుంటారు. బంగాళాదుంప, అరటి వంటి పైర్లలో మాత్రం ఈ దారి కష్టం, ఎందుకంటే విత్తన తరానికి వెళితే ఆ రకం లక్షణాలే చెదిరిపోతాయి. అందుకే అక్కడ జన్యువుకు బదులు సిద్ధం చేసిన క్యాస్9 ప్రోటీన్‌నే ఎక్కడ కత్తిరించాలో చూపే గైడ్ ఆర్ఎన్ఏతో కలిపి కణాల్లోకి పంపే పద్ధతి ఉంది.

రెండో జవాబు:
మొదటి సందేహానికి గోధుమలోని ఎమ్ఎల్ఓ జన్యువు మంచి ఉదాహరణ. బూడిద తెగులు శిలీంధ్రం మొక్కలోకి చొరబడాలంటే ఈ జన్యువు పనిచేస్తూ ఉండాలి. బార్లీలో ఇది చెడిన మొక్క 1942లోనే ఎక్స్ కిరణాల ప్రయోగంలో దొరికింది. గోధుమకు మూడు ఉపజన్యుసమూహాలు, అంటే దాదాపు ప్రతి జన్యువుకూ మూడు ప్రతులు, ఉండటం వల్ల మూడు ప్రతులూ ఒకేసారి చెడటం ప్రకృతిలో దాదాపు అసాధ్యం. 2014లో చైనా శాస్త్రవేత్తలు టాలెన్ అనే సవరణ సాధనంతో ఆ మూడింటినీ పనిచేయకుండా చేశారు. తెగులు ఆగింది కానీ, మీరు ఊహించినట్టే, ఆకులు ముందే పండి ఎదుగుదల తగ్గింది. అయితే ఒక మొక్కలో మూడు లక్షలకు పైగా అక్షరాల డీఎన్ఏ ముక్క ఊడిపోయి, పక్కనున్న చక్కెర రవాణా జన్యువు చురుకైంది. అది తెగులును తట్టుకుంటూనే మామూలుగా ఎదిగింది. ఈ వివరాలు 2022లో వెలువడ్డాయి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండి. అంటే ఆ ముక్క ఊడిపోవడం కేవలం అదృష్టమేనా?

రెండో జవాబు ఇచ్చినవారు:
అవునండి, దాన్ని ఎవరూ తలపెట్టలేదు. కానీ కారణం తెలిశాక అదే మార్పును మేలైన గోధుమ రకాల్లో క్రిస్పర్‌తో (క్యాస్9ను వాడే సవరణ పద్ధతితో) నేరుగా తెచ్చారు. సంకరణంతోనైతే దీనికి ఎన్నో తరాలు పట్టేది. అయినా చిక్కు పూర్తిగా తీరిందని నేను అనను. ఎమ్ఎల్ఓ చెడిన బార్లీ మరికొన్ని శిలీంధ్రాలకు ఇంకా తేలికగా లొంగిపోతుంది. అందువల్ల ఇలాంటి మొక్కను ఒక్క బూడిద తెగులుకే గురిచేసి పరీక్షిస్తే సరిపోదు.