ఆరాధనల పిల్లలు అరగంట గూడ కూసుంటలేరు, ఏం మార్చాలె?

కాజీపేట సండేస్కూల్:
అందరికి వందనాలు. మాది కాజీపేట దిక్కు రేకుల షెడ్డుల నడిచే సంఘం. హాలు 50 అడుగుల పొడుగు, 20 అడుగుల వెడల్పు. ఆరాధన 10 గంటలకు షురూ అయితే ముగింపు ప్రార్థనకు 12:45 అయితది. పెద్దలు 90 మంది, మూడు నుంచి పన్నెండేండ్ల పిల్లలు 35 మంది, సంకల చంటిపిల్లలు ఏడెనిమిది. అందరం చాపల మీదనే. పిల్లలను స్టేజీ కింద ముందు వరుసల కూసోబెడుతున్నం. పాటలప్పుడు బాగనే ఉంటరు. వాక్యం (ప్రసంగం) మొదలైనంక గిల్లుకునుడు, తోసుకునుడు, నీళ్లకని ఒకడు లేస్తే పదిమంది లేసుడు. ఒక తమ్ముని చేతికి బెత్తమిచ్చి పక్కన నిలబెట్టినం, అయినా అంతే. కొత్తగా వచ్చే చంటిపిల్లల తల్లులు రెండు మూడు వారాలు కనబడి మానేస్తున్నరు.

వేరే గది లేదు. బయట 12 అడుగుల వరండా, ఒక యాపచెట్టు ఉన్నయి. నెలకు 1,500 దాక ఖర్చు పెట్టొచ్చు. వాక్యమప్పుడు పిల్లలను బయటికి పంపాల్నా, లోపల్నే ఉంచాల్నా?

మైక్‌సెట్ హన్మకొండ:
లోపల్నా బయటనా అన్నది తర్వాత, ముందుగాల ఆ బెత్తం తీసెయ్యిండ్రి. పిల్లలు కూసునే జాగల మీరు పది నిమిషాలు నేల మీద కూసోని చూడుండ్రి. స్టేజీ కింద కూసున్న ఐదేండ్ల పిల్లకు అయ్యగారి మొఖం కనబడది, పోడియం చెక్క కనబడ్తది. స్పీకర్లేమో సరిగ్గ వాళ్ల చెవుల పక్కనే. రేకుల షెడ్డుల సప్పుడు పైకి తగిలి మళ్ల తిరిగొస్తది. వెనకోళ్లకు మాట అర్థంగాక "సౌండ్ పెంచు" అంటరు, పెంచితే ముందున్న పిల్లల చెవులు గుయ్యిమంటయి. అల్లరిల సగం గీ సౌండుదే.

స్పీకర్లను ఏడడుగుల ఎత్తుకు లేపి, మూతి కొద్దిగ వంచి, నడిమి వరుసల దిక్కు తిప్పుండ్రి. ఫోన్ల డెసిబెల్ యాప్ ఏస్కోని పిల్లల జాగల పెట్టుండ్రి. దాని లెక్క పక్కా ఉండది గని అంచనాకు పనికొస్తది. 85 డెసిబెల్స్ అనేది పనిచేసే కాడ పెద్దోళ్లకు ఎనిమిది గంటలకు చెప్పే హద్దు, అక్కడ్నుంచి మూడు పెరిగినప్పుడల్లా ఆ టైం సగమైతది. పిల్లల కాడ 75–80 దాటనియ్యకుండ్రి. తగ్గించాల్సింది ప్యాడ్స్ (కరెంటు డ్రమ్ములు), కీబోర్డు. పాడేటోళ్ల మైకు కాదు.

చంటిపిల్లల తల్లులకు వెనక తలుపు కాడ, ఫ్యాను కింద, 8 అడుగులకు 6 అడుగుల జాగ ఇడిచి పరదా కట్టుండ్రి. చీరె ఉయ్యాల ఏస్తే రేకుల కింది సన్న పైపుకు కట్టొద్దు, దూలానికే కట్టాలె, ముందుగాల ఒక పెద్దమనిషి ఏలాడి చూడాలె. ఇంకోటి, బిడ్డ ఏడ్వంగనే మైకుల "తల్లీ, బాబును బయటికి తీస్కపో" అంటున్నరా? అట్ల అంటే ఆ తల్లి మళ్ల రాదు.

ఫ్లానెల్ బోర్డు, హుజూరాబాద్:
వందనాలండి. మొదటి 40 నిమిషాలు లోపల, వాక్యమప్పుడు 45 నిమిషాలు వరండాలో, ఆశీర్వాదానికి మళ్లీ లోపలికి. రెండుముప్పావు గంటలు కింద కూర్చోవడం పెద్దవాళ్ల మోకాళ్లకే పరీక్ష.

లోపలున్నంత సేపు పిల్లలకు పని ఉండాలి. 136వ కీర్తనలో 26 వచనాలు, ప్రతిదాని చివరా "ఆయన కృప నిరంతరముండును" అని వస్తుంది. మొదటి ముక్క పెద్దలు చదివితే, అక్షరాలు రాని నాలుగేళ్ల పిల్ల కూడా ఐదారు వచనాలకే రెండో ముక్క అందుకుంటుంది. కానుక పట్టడం, కంజీర కొట్టడం వంతుల ప్రకారం చీటీ రాసి గోడకు అంటించండి. లేకపోతే పెద్దల మనవళ్లకే పోతాయి, ఆ సంగతి అందరికీ తెలిసిందే.

వరండాలో 3–5, 6–8, 9–12 ఏళ్ల మూడు గుంపులు, గుంపుకు ఇద్దరు టీచర్లు. పాట 5 నిమిషాలు, కథ 12, కంఠత వాక్యం 8, చేతిపని 15, మిగిలింది మంచినీళ్లకు. కథ 12 దాటిందా, చిన్న గుంపు లేచి యాపచెట్టు కిందికి పోతుంది.

కథకు ఫ్లానెల్ బోర్డు ఇప్పటికీ గట్టిది, కరెంటు అక్కర్లేదు. 3 అడుగులు, 2 అడుగుల ప్లైవుడ్ మీద నీలం ఫ్లానెల్ గుడ్డ బిగుతుగా లాగి వెనక పిన్నులు కొట్టండి. బొమ్మలను పలచని అట్టకు అతికించి, వెనక రెండు వేళ్లంత సాండ్ పేపర్ ముక్క, గరుకు వైపు బయటికి ఉండేలా అంటించండి. బోర్డును కొంచెం వెనక్కి వాల్చాలి. నిట్టనిలువుగా పెడితే దావీదు రాయి విసరకముందే గొల్యాతు పడిపోతాడు. ఫ్యాను గాలి తగిలినా అంతే.

కంఠత వాక్యం చార్టు మీద ఉన్నదున్నట్టు ఎక్కించొద్దు. మార్కు 10:14లో "వారి నాటంకపరచవద్దు" అని అచ్చయి ఉంటుంది. పిల్లలు "నాటంక" దగ్గర ఆగి, నాటకమేమో అనుకుంటారు. "వారిని – ఆటంకపరచవద్దు" అని విడదీసి రాస్తే అప్పుడే నోటికి వస్తుంది.

భూపాలపల్లి సెకండ్ షిఫ్ట్:
అక్క చెప్పిన టైం పట్టిక మంచిగుంది గని ప్రతి వారం బయటికి పంపుడు నేనొప్పుకోను. పన్నెండేండ్ల దాక ఒక్క ప్రసంగం వినని పిలగాడు పదమూడో ఏట లోపల కూసోమంటే కూసుంటడా? నెలల ఒక్క ఆదివారమన్న అందరు లోపల్నే ఉండాలె. ఆ రోజు మొత్తం ఆరాధన 75 నిమిషాలు, వాక్యం 18 నిమిషాలు, ఒక్కటే కథ. ఆవగింజ ఉపమానమైతే తలా ఒక ఆవగింజ వేలి కొస మీద పెట్టుండ్రి. అది పడిపోకుండ చూసుకుంటనే పిల్లలు కథ మొత్తం వింటరు.

హాజరు బహుమతులు బందు పెట్టుండ్రి. పత్తి ఏరే దినాలల్ల అమ్మానాయినల ఎంట చేన్లకు పోయే పిల్లలకు అది శిక్షనే. కొత్త కుటుంబాన్ని నిలబెట్టి పేరడుగుడు, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల ఏసుడు గూడ వద్దు. ఇంట్ల చెప్పకుండ వచ్చేటోళ్లుంటరు.

వరండాల పిల్లలతోని ఎప్పుడైనా ఇద్దరు పెద్దలుండాలె, ఒక్కరే ఉండొద్దు. ఒకే ఇంటోళ్లు ఇద్దరైతే లెక్కకు రాదు. చిన్నపిల్లను బాత్రూంకు తీస్కపోతే బయటి తలుపు తెరిచే ఉండాలె. ఏదన్న తప్పు జరిగినట్టు తెలిస్తే సంఘంలనే పంచాయితి చేసి ముడుచుడు కుదరదు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పుడు తప్పనిసరి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడకు రాయించుండ్రి.

కాజీపేట సండేస్కూల్:
బెత్తం తీసేస్తం. రెండు సంగతులు: పిల్లలకు తినడానికి బిస్కెట్లు కాకుంట ఏం పెట్టాలె? ఎండకాలం వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) యాపచెట్టు కింద పెట్టొచ్చా?

ఫ్లానెల్ బోర్డు, హుజూరాబాద్:
శనగ గుడాలు పెట్టండి. రెండు కిలోల శనగలు శనివారం రాత్రి నానబోస్తే పొద్దున ఉడికాక నాలుగు కిలోలు దాటతాయి, 35 మందికి తలా వంద గ్రాములకు పైనే. నెలకు ఎనిమిది కిలోలు, మీ 1,500లో సగం దానికే. నాలుగేళ్లలోపు వాళ్లకు గుడాలు మెత్తగా మెదిపి పెట్టాలి, పల్లీలు అసలే ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

వీబీఎస్ పొద్దున 7:30కు మొదలుపెట్టి 10కల్లా ఇంటికి పంపండి. మే నెలలో 10 దాటితే చెట్టు నీడ ఉన్నా వడగాలి ఆగదు. ఎండకు నీరసపడే పిల్లల కోసం లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు సమం చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి పక్కన పెట్టుకోండి. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు కొలత మీద మాత్రం చెయ్యి జారొద్దు. కలిపింది ఆ రోజుకే, మర్నాటికి దాచొద్దు.